అన్‌చార్టెడ్ మొదటిసారి ఆడబోతున్నాను: ఏ భాగంతో మొదలుపెట్టాలి?

ప్రశ్న: తీరవాసి

అందరికీ నమస్కారం. నేను ఇంతవరకు ఆడినవి క్రికెట్, కార్ల పందేలు, ఫోనులో చదరంగం వంటి ఆటలే. సినిమాలాగా కథ నడుస్తూ మధ్యమధ్య మన చేతికి పగ్గాలు అప్పగించే పెద్ద గేముల జోలికి ఎప్పుడూ పోలేదు. ఈమధ్య ఇంట్లోకి మంచి గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటరు వచ్చింది. నిధుల వేట కథలంటే చిన్నప్పటి నుంచీ ఉన్న మోజు కొద్దీ ‘అన్‌చార్టెడ్: లెగసీ ఆఫ్ థీవ్స్ కలెక్షన్’ తీసుకున్నాను. ఇందులో ‘ఎ థీఫ్స్ ఎండ్’, ‘ది లాస్ట్ లెగసీ’ అని రెండు గేములున్నాయి. మొదటిది ఈ వరుసలో నాలుగో భాగమనీ, దానికి ముందరి మూడూ కంప్యూటరుకు రాలేదనీ చదివాను.

ఆ మూడింటి కథ తెలియకుండా నాలుగోదానిలో అడుగుపెడితే అర్థమవుతుందా, లేక మన దేశంలో జరిగే కథ అంటున్న ‘ది లాస్ట్ లెగసీ’తో మొదలుపెట్టడం మేలా? కీబోర్డు, మౌసు సరిపోతాయా, కంట్రోలరు కొనక తప్పదా? తుపాకీ గురి పెట్టడం నాకు బొత్తిగా చేతకాదు; నాబోటివాడు కథ చివరిదాకా చేరగలడా? ఇవి కాక, ‘ది లాస్ట్ లెగసీ’లో హొయసల రాజులు, వినాయకుడి దంతం వస్తాయని విన్నాను. అందులో చరిత్ర ఎంత, కల్పన ఎంత అన్నది తెలిసినవారు చెబితే సంతోషిస్తాను. కథలోని మలుపులు మాత్రం దయచేసి బయటపెట్టకండి.

సమాధానం: రాతిమెట్లు

తీరవాసి గారూ, నా మాట వింటే నాలుగో భాగంతోనే మొదలుపెట్టండి. ఈ వరుసను నాటీ డాగ్ అనే అమెరికన్ సంస్థ 2007లో ప్లేస్టేషన్ 3 కోసం ప్రారంభించింది. 2009లో రెండోది, 2011లో మూడోది, 2016 మే నెలలో నాలుగోది, 2017 ఆగస్టులో ‘ది లాస్ట్ లెగసీ’ వచ్చాయి. మీరు కొన్న కంప్యూటరు కూర్పు 2022 అక్టోబరులో విడుదలైంది. భాగం మారితే నిధి మారుతుంది, చోటు మారుతుంది. మొదటిదానిలో ఎల్‌డొరాడో, రెండోదానిలో మార్కో పోలో పోగొట్టుకున్న ఓడలు, శంభల, మూడోదానిలో అరేబియా ఎడారి ఇసుక కింద మరుగునపడిన నగరం. మారనిది మనుషులు: నేథన్ డ్రేక్, అతనికి గురువూ తండ్రీ తానే అయిన సల్లీ, పాత్రికేయురాలు ఎలీనా. కాబట్టి పాత నిధుల సంగతి తెలియకపోయినా నష్టం లేదు. ఈ ముగ్గురి నడుమ ఉన్న బంధం ఎలాంటిదో తెలిస్తే చాలు, ఆ పరిచయాన్ని నాలుగో భాగమే ఓపికగా చేయిస్తుంది.

ఆ గేము నాలుగో అధ్యాయంలో ఒక అటక ఉంటుంది, దాన్ని తొందరపడి దాటకండి. నేథన్ సాహసాలు మానేసి ఇంటిపట్టున ఉన్న రోజులవి. పాత మూడు కథల గుర్తులన్నీ ఆ అటక మీద సర్ది పెట్టుకున్నాడు. ఒక్కొక్క వస్తువునూ చేతిలోకి తీసుకుని తిప్పి చూడవచ్చు, వాటిని చూస్తూ అతను తనలో తాను గొణుక్కునే మాటలు వింటే ముందరి భాగాల సారం కొంతవరకు మీకు అందినట్టే. అక్కడే ఒక బొమ్మ తుపాకీ, దానితో కొట్టడానికి గురిబొమ్మలు ఉంటాయి. ఎదురు కాల్చే శత్రువు లేడు, తరుముకొచ్చే గడువు లేదు. మీరు భయపడుతున్న గురి పెట్టడం హాయిగా సాధన చేయడానికి అంతకన్నా మంచి చోటు ఈ గేములో లేదు. కాసేపటికి కింద గదిలో అతను ఎలీనా స్కోరును దాటాలని టీవీలో ‘క్రాష్ బాండికూట్’ ఆడతాడు. 1996లో ఇదే సంస్థ తీసిన పాత గేము అది. నిధుల వేటగాడు వీడియో గేము ముందు తడబడుతుంటే, ఆ తడబాటు ఆడేది మీరే కనుక, భలే సరదాగా ఉంటుంది.

గురి విషయానికి వస్తే, మొదలుపెట్టేటప్పుడే ఎక్స్‌ప్లోరర్ అనే అన్నిటికన్నా సులువైన స్థాయిని ఎంచుకోండి. అందులో చిన్నతనమేమీ లేదు, తరువాత కావాలంటే ఆట మధ్యలోనే స్థాయి పెంచుకోవచ్చు. సెట్టింగులలో యాక్సెసిబిలిటీ అనే విభాగం చూడండి. గురి దానంతటదే దగ్గరలోని శత్రువు మీదకు వెళ్లేలా చేసే లాక్-ఆన్ అక్కడే ఉంది. ఒక బటనును గబగబా పదేపదే నొక్కవలసిన చోట్ల ఊరికే నొక్కి పట్టుకుంటే చాలన్న సదుపాయం కూడా ఉంది. ఈ రెండూ పెట్టుకున్నాక పోరాటాలు దాదాపు ఎవరికైనా దాటగలిగేవే.

పోరాటం అనగానే కనిపించినవాడినల్లా కాల్చాలని కొత్తవారు అనుకుంటారు. ఈ గేములో చాలా చోట్ల అసలు తుపాకీ తీయకుండానే బయటపడవచ్చు. నిలువెత్తు గడ్డిలో దాక్కుంటే మనం కనపడము. అక్కడి నుంచి శత్రువులను ఒక్కొక్కరిగా గుర్తు పెట్టుకుంటే గోడ వెనక ఉన్నా వారి జాడ తెలుస్తుంది. ఎవరికైనా మన మీద అనుమానం కలిగితే వారి తల మీద గుర్తు వెలుగుతుంది, అది నారింజ రంగుకు మారిందంటే పట్టుబడినట్టే. అప్పుడు కూడా ఆట అయిపోలేదు. వంతెన కిందకో గోడ అవతలికో జారుకుని కాసేపు కనపడకుండా ఉంటే వాళ్లు మనల్ని పోగొట్టుకుని మళ్లీ వెతకడం మొదలుపెడతారు. దెబ్బలు తగిలే కొద్దీ తెర రంగులు వెలిసిపోతాయి. చాటుకు వెళ్లి ఊపిరి పీల్చుకుంటే ఆరోగ్యం తిరిగి వస్తుంది, మందుల పెట్టెలు వెతుక్కునే పని లేదు. చనిపోయినా నాలుగడుగుల వెనక నుంచే మళ్లీ మొదలవుతుంది. ఒకే చోట పాతుకుపోయి కాల్చేవారికే ఈ గేము కష్టం, అటూ ఇటూ కదిలేవారికి సులువు.

గోడలు, కొండలు ఎక్కడం నేర్చుకోవడం ఇంకా తేలిక. పట్టుకోదగిన అంచులు చుట్టూ ఉన్న రాయికన్నా లేత రంగులో, అరిగినట్టు కనిపిస్తాయి. వేలాడుతున్నప్పుడు కంట్రోలరు మీది స్టిక్‌ను (బొటనవేలితో తిప్పే చిన్న పిడిని) ఒక వైపు తోస్తే, ఆ దిక్కున అందే పట్టు ఉన్నప్పుడు నేథన్ చేయి చాచుతాడు. చేయి చాచాడంటే దూకవచ్చు, చాచలేదంటే ఆ దూరం అందదు. ఇంత చిన్న ఏర్పాటు వల్ల ఎన్ని అనవసరపు చావులు తప్పుతాయో ఆడితే గాని తెలియదు. ఎంతసేపటికీ దారి దొరక్కపోతే కొంత ఆగండి, గేమే సూచన ఇవ్వడానికి ముందుకొస్తుంది.

కీబోర్డు, మౌసుతో నిక్షేపంగా ఆడవచ్చు, గురికి మౌసే నయమనేవారూ ఉన్నారు. అయినా జీపు నడిపేటప్పుడు, తాడు పట్టుకుని ఊగేటప్పుడు కంట్రోలరులో ఉన్న సుఖం వేరు. ప్లేస్టేషన్ 5 కంట్రోలరును కేబులుతో కలిపితే ట్రిగ్గరు బిగువు కూడా చేతికి తెలుస్తుంది. ఎక్స్‌బాక్స్ కంట్రోలరు ఉంటే అదీ చాలు. డిస్కులో 126 జీబీ ఖాళీ ఉంచుకోండి. జీటీఎక్స్ 960 కార్డు, 8 జీబీ ర్యామ్ కనీసపు అవసరం. జీటీఎక్స్ 1060, 16 జీబీ ఉంటే సాఫీగా నడుస్తుంది. మొదటిసారి తెరిచినప్పుడు షేడర్లు, అంటే తెర మీద బొమ్మను గీసే చిన్న ప్రోగ్రాములు, సిద్ధం చేసుకోవడానికి కొంత సమయం తీసుకుంటుంది, అది పూర్తయ్యేవరకు ఆడడం మొదలుపెట్టకండి.

మడగాస్కర్ అధ్యాయంలో జీపు ఇస్తారు. ఎర్రమట్టి బురదలో చక్రాలు గిర్రున తిరిగి బండి వెనక్కి జారిపోతుంటే, రాళ్లు తేలిన జాగా చూసుకుని ఎక్కించాలి. అదీ కుదరని చోట దిగి, ముందు బంపరుకున్న వించి (బండిని లాగే యంత్రం) తాడును లాక్కెళ్లి చెట్టు మొదలుకు చుట్టి, మళ్లీ వచ్చి లాగించాలి. దారి పొడవునా వెనక కూర్చున్నవారు మాట్లాడుతూనే ఉంటారు. మాట మధ్యలో మీరు ఏదో శిథిలం చూద్దామని దిగిపోతే సంభాషణ ఆగుతుంది. తిరిగి ఎక్కగానే, ఇందాక ఎక్కడున్నాం అంటూ అక్కడి నుంచే అందుకుంటారు. పేలిపోయే భవనాలూ కూలిపోయే వంతెనలూ ఈ గేములకు పేరు తెచ్చాయి గాని, నాకు మాత్రం ఈ జీపు కబుర్లే ఎక్కువ ఇష్టం. లోపాలు లేవని కాదు. చక్రాలున్న చెక్కపెట్టెను గోడ దగ్గరకు తోసి పైకెక్కడం మొదటిసారి బాగుంటుంది, ఆ తరువాత ప్రతి శిథిలంలోనూ ఎవరో అలాంటి పెట్టెను మనకోసమే వదిలిపెట్టి వెళ్లినట్టుంటుంది. చివరి మూడో వంతులో కాల్పులు కూడా కాస్త మోతాదు మించుతాయి.

సమాధానం: సగంలో_ఆపను

రాతిమెట్లు గారి వివరణ బాగుంది గాని, వరుస విషయంలో నాది వేరే అభిప్రాయం. నాలుగో భాగం ఒక సుదీర్ఘ కథకు ముగింపుగా రాసినది. దాని బరువు పూర్తిగా తెలియాలంటే ముందరి మూడూ ఆడి ఉండాలి, అటక మీద వస్తువులు చూసినంత మాత్రాన ఆ లోటు తీరదు. ‘ది లాస్ట్ లెగసీ’ అలా కాదు. నాయిక క్లోయి ఫ్రేజర్, తోడు వచ్చే నదీన్ రాస్, ఇద్దరూ పాత భాగాల్లో కనిపించినవారే అయినా, కథ వారితోనే మొదలై వారితోనే పూర్తవుతుంది. నిడివి కూడా నాలుగోదానిలో సగం. ఏడెనిమిది గంటల్లో అయిపోతుంది. ఈ తరహా ఆట తనకు నప్పుతుందో లేదో తెలియని మనిషికి పదిహేను గంటల గేము కన్నా ఇదే తగినది. ప్లేస్టేషన్ 4 గాని 5 గాని అందుబాటులో ఉన్నవారైతే ‘ది నేథన్ డ్రేక్ కలెక్షన్’ పేరుతో మొదటి మూడూ ఒకే డిస్కులో దొరుకుతాయి, వారికి ఈ చర్చే అక్కరలేదు.

సమాధానం: రాతిమెట్లు

మీరన్నది నిజమే గాని ఒక చిక్కు ఉంది. నదీన్ ఎవరు, డ్రేక్ సోదరులంటే ఆమెకు ఎందుకు పడదు అన్న సంగతులు ‘ది లాస్ట్ లెగసీ’ దారిపొడవునా ప్రస్తావిస్తూనే ఉంటుంది. అది ముందు ఆడి నాలుగోదానికి వస్తే, నదీన్ తొలిసారి అడుగుపెట్టే ఘట్టంలో ఉండవలసిన ఉలికిపాటు పోతుంది. పైగా ‘ది లాస్ట్ లెగసీ’ మొదటి నుంచే ఆడేవారికి ఇవన్నీ వచ్చుననుకుని నడుస్తుంది. తాడు పట్టుకుని ఊగడం, గడ్డిలో దాక్కోవడం, ఎక్కడం ఒక్కొక్కటిగా నేర్పే ఓపిక నాలుగోదానికే ఉంది.

సమాధానం: హళేబీడు బాట

వరుస తగవు మీరిద్దరూ తేల్చుకోండి. నేను హొయసలుల ప్రశ్నకే పరిమితమవుతాను.

గేములో బేలూరు, హళేబీడు పడమటి కనుమల నడుమ, జలపాతాల వెనక, మనిషి అడుగు పడని శిథిల నగరాలుగా కనిపిస్తాయి. వాస్తవంలో రెండూ కర్ణాటకలోని హాసన్ జిల్లాలో, ఒకదానికొకటి సుమారు 16 కిలోమీటర్ల దూరంలో, బస్సు దిగి నడిచి వెళ్లగలిగిన ఊళ్లు. బేలూరు చెన్నకేశవాలయాన్ని హొయసల రాజు విష్ణువర్ధనుడు 1117లో ప్రతిష్ఠించాడు, అక్కడ నేటికీ నిత్యపూజలు జరుగుతున్నాయి. హళేబీడు ఆనాటి ద్వారసముద్రం, హొయసలుల రాజధాని. ఈ రెండు చోట్ల ఆలయాలతో పాటు సోమనాథపురం ఆలయానికి 2023లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు లభించింది. అయితే కనుమల్లో కథ పెట్టడం మాత్రం గాలిలోంచి పుట్టిన ఊహ కాదు. హొయసల వంశం మొదట తలెత్తినది మలెనాడు కొండసీమలోనే. చిక్కమగళూరు జిల్లాలోని అంగడి వారి తొలి స్థానమని చెబుతారు.

గేములో నాకు నచ్చనిది విగ్రహాల పరిమాణం. కొండంత శివుడు, మేడంత వినాయకుడు తెర మీద చూడడానికి ఘనంగానే ఉంటాయి. కాని హొయసల శిల్పి గొప్పతనం అందుకు సరిగ్గా వ్యతిరేక దిశలో ఉంది. వారు వాడినది తవ్వినప్పుడు మెత్తగా ఉండి గాలి తగిలే కొద్దీ గట్టిపడే సబ్బురాయి. అందుకే హళేబీడు హొయసలేశ్వరాలయం గోడ అడుగున ఏనుగుల వరుస, దాని పైన సింహాలు, గుర్రాలు, లతలు, పురాణ ఘట్టాలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు సాగుతాయి. మెడలోని హారాన్ని రాతి నుంచి విడదీసి చెక్కినంత సన్నటి పని అది. ముఖం గోడకు ఆనించినంత దగ్గరగా నిలబడితే గాని కనిపించదు. మన రామప్ప గుడి చూసినవారికి హొయసల గుళ్ల నక్షత్రాకారపు అరుగు వెంటనే పోల్చుకోగలిగినదే. 1213 నాటి ఆ కాకతీయ ఆలయం హొయసలుల కాలానిదే. రెండు రాజ్యాలకూ ఎదురైన దెబ్బ కూడా ఒకే చేతి నుంచి వచ్చింది: ఢిల్లీ సుల్తాను అల్లావుద్దీన్ ఖిల్జీ సేనాని మాలిక్ కాఫూర్ 1310లో ఓరుగల్లును ముట్టడించి కప్పం పుచ్చుకుని, 1311లో ద్వారసముద్రం మీద పడ్డాడు.

దంతం సంగతి. వినాయకుడి దంతం విరగడానికి మన ఇళ్లలో రెండు కథలు చెబుతారు. వ్యాసుడి భారతం రాయడానికి తానే విరుచుకున్నాడన్నది ఒకటి. వాకిట కాపలా ఉండి పరశురాముణ్ణి అడ్డుకున్నప్పుడు, అతను విసిరిన గొడ్డలి తన తండ్రి ఇచ్చినదని గుర్తుపట్టి, ఆ గౌరవంతో దెబ్బను దంతం మీద కాచుకున్నాడన్నది రెండోది. గేము ఎంచుకున్నది రెండోదాన్ని, దానిని శ్రద్ధగానే వాడుకున్నది. త్రిశూలం, విల్లు, గొడ్డలి గుర్తులున్న కోటలు, తండ్రి మాటకు కట్టుబడిన కొడుకు కథ, తన తండ్రిని తలుచుకునే క్లోయి, అన్నీ ఒకదానితో ఒకటి ముడిపడతాయి. ఒక చోట విరిగిన శిల్పాల ముక్కలను దీపం ముందు అటూ ఇటూ జరిపి, గోడ మీద నీడలు కలిసి ఒక పురాణ దృశ్యం అయ్యేలా చేయాలి. తోలుబొమ్మలాట చూసిన కళ్లకు ఆ ఘట్టం ఇట్టే అర్థమవుతుంది. ఆ దంతం హొయసలుల దగ్గర ఉండేదన్నది మాత్రం శుద్ధ కల్పన.

నాలుగో భాగంలోనూ మన చరిత్ర ఉంది, ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. అందులో వెతికేది హెన్రీ ఏవరీ అనే ఇంగ్లీషు సముద్రపు దొంగ దాచిన సొమ్మును. ఏవరీ నిజంగా ఉన్నాడు. 1695లో మక్కా యాత్ర ముగించుకుని సూరత్‌కు తిరిగివస్తున్న ఔరంగజేబు ఓడ గంజ్-ఇ-సవాయీని అతని ముఠా దోచుకుని, అందులోని యాత్రికులను ఘోరంగా హింసించింది. కోపించిన చక్రవర్తి సూరత్‌లోని ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులను నిర్బంధించాడు. ఏవరీ కోసం దేశదేశాల్లో వేట సాగినా అతను దొరకలేదు. గేములో నేథన్ ఆ సొమ్ము లెక్కలు వేస్తుంటే నాకు ఆ యాత్రికులే గుర్తుకొచ్చారు. గేముకు మాత్రం వారి ఊసు పెద్దగా పట్టదు.

తీరవాసి

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. రాతిమెట్లు గారి మాట ప్రకారం ఎక్స్‌ప్లోరర్ స్థాయిలో నాలుగో భాగం మొదలుపెడతాను. అది నచ్చితే ‘ది లాస్ట్ లెగసీ’ ఎలాగూ ఉండనే ఉంది. మరో రెండు సందేహాలు. పదకొండేళ్ల మా అమ్మాయి పక్కన కూర్చుని చూస్తానంటోంది, చూడనివ్వవచ్చా? కెమెరా గబగబా తిరిగే ఆటలు చూస్తే నాకు కొంచెం తల తిరుగుతుంది, దానికేమైనా ఉపాయముందా?

సమాధానం: రాతిమెట్లు

రెండోది ముందు చెబుతాను. గదిలో దీపం వేసుకోండి, తెరకు కొంచెం దూరంగా కూర్చోండి, సెట్టింగులలో కెమెరా తిరిగే వేగాన్ని బాగా తగ్గించండి. గ్రాఫిక్స్ నాణ్యత ఒక మెట్టు దించి అయినా సరే బొమ్మ కుదుపు లేకుండా సాగేలా చూసుకోండి, తల తిప్పేది చాలా వరకు ఆ కుదుపే. ఎక్కుతున్నప్పుడు ప్రతి అడుగుకూ కెమెరాను మీరు తిప్పనక్కరలేదు, చాలా చోట్ల వదిలేస్తే అదే సర్దుకుంటుంది. అప్పటికీ తల తిరిగితే ఆ పూటకు ఆపేయడమే, ఓర్చుకుని ఆడితే ఇంకా ఎక్కువవుతుంది.

అమ్మాయి విషయం. ఈ గేముకు అమెరికాలో 13 ఏళ్లు దాటినవారికనీ, యూరపులో 16 ఏళ్లు దాటినవారికనీ ముద్ర ఉంది. నెత్తురు ధారలుగా పారే గేము కాదు. అయినా మనుషులను కాల్చడం, బూతు మాటలు, సల్లీ నోట్లో చుట్ట ఉన్నాయి. అంతా చూడనివ్వమని నేను చెప్పలేను. మొదట్లో వచ్చే పనామా జైలు అధ్యాయంలో కొట్లాట, కాల్పులు ఎక్కువ, అది మీరు ఒక్కరే ఆడి ముగించండి. ఆ తరువాతి అటక అధ్యాయానికి ఆమెను పిలవండి, ‘క్రాష్ బాండికూట్’ వచ్చినప్పుడు కంట్రోలరు ఆమె చేతికే ఇవ్వండి. ఇటలీలో వేలంపాట జరిగే భవనంలోకి దొంగచాటుగా చొరబడేదీ, మడగాస్కర్‌లో పాత గడియారపు గోపురం లోపల తిరిగే పళ్లచక్రాల మీదుగా పైకెక్కేదీ కూడా కలిసి చూడదగినవే. గోపురం దిగాక సంతలో మొదలయ్యే తరుములాటకు మాత్రం ఆమెను ముందే పడుకోబెట్టండి, అక్కడ తుపాకులు చాలాసేపు ఆగవు.